రెండొందల పద్నాలుగో పేజీ

ఐజాక్ మాస్టారికి షుగరు లేదు, బీపీ లేదు, అరవై ఆరేళ్ళొచ్చినా మోకాళ్ళ నొప్పులు లేవు. ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎక్కడ ఏ పని జరిగినా, ఆ పని నిజంగా చేసిన మనిషి పేరేంటో తెలిస్తేగానీ ఆయనకి ముద్ద దిగదు. ఆ జబ్బుకి మందు లేదని ఏడేళ్ళ క్రితమే ఎవరైనా చెవిలో వేసి ఉంటే, నాగదుర్గ ఆయన దగ్గర పీహెచ్‌డీకి చేరకుండా హాయిగా కోరుకొండలోనే ఏదో కాన్వెంటులో సోషల్ పాఠాలు చెప్పుకుంటూ బతికేది.

మాస్టారు రాజమండ్రిలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఊళ్ళో మిగతా చరిత్రకారులు చాళుక్యుల శాసనాల మీదా ధవళేశ్వరం ఆనకట్ట మీదా పరిశోధనలు చేసి శాలువాలు కప్పించుకుంటుంటే, ఈయన ఎందుకో ఆఫ్రికాలో వైద్యం మీద పడ్డారు. అక్కడికి మశూచి మందు ఎవరు పట్టుకెళ్ళారు, అతినిద్ర జబ్బు వచ్చిందని ఊళ్ళకి ఊళ్ళు ఎందుకు ఖాళీ చేయించారు, ప్రపంచ ఆరోగ్యం పేరు చెప్పి బయటి దేశాలవాళ్ళు వచ్చి ఏం చేశారు, అక్కడి జనం దాని గురించి ఏమనుకున్నారు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. నాలుగుసార్లు టాంజానియా వెళ్ళొచ్చారు. "ఆఫ్రికా వెళ్ళారు కదండీ, సింహాన్ని చూశారా?" అని అడిగినవాళ్ళందరికీ "లేదండి, ఫైళ్ళు చూశాను" అని చెప్పి, వాళ్ళ దృష్టిలో ఎందుకూ పనికిరాకుండా పోయారు.

ఆ ముప్ఫై ఏళ్ళకీ తేలింది ఒక్క పుస్తకం. మొత్తం నూట ఎనభై పేజీలు, అందులో నలభై పేజీలు కృతజ్ఞతలే. పాత కాగితాల గదిలో కట్టలు మోసినాయన, లిఫ్టు నడిపినాయన, పదకొండింటికి టీ ఇచ్చినావిడ, ఆవిడ సెలవు పెట్టిన రోజున ఆవిడ బదులు టీ ఇచ్చిన చెల్లెలు. ఎవ్వర్నీ వదల్లేదు. పుస్తకం మీద సమీక్ష రాసిన ఒకాయన ఇది చరిత్రా, టెలిఫోన్ డైరెక్టరీనా అని వెటకారం చేశాడు. మాస్టారు దాన్ని మెప్పుగా తీసుకుని, కత్తిరించి దాచుకున్నారు.

మొదటిరోజు క్లాసులోనే నాగదుర్గకి ఈ జబ్బు తగిలింది. మాస్టారు పాత రిపోర్టు ఒకటి చేతికిచ్చి చదవమన్నారు.

"డాక్టరుగారు ఆరు వారాల్లో ముప్ఫై వేలమందికి టీకాలు వేశారు అని ఉందండి," అంది నాగదుర్గ.

"ఆయనకి ఎన్ని చేతులమ్మా?"

"రెండేనండి."

"రెండు చేతులతో ముప్ఫై వేలా? పిల్లాడి జబ్బ ఎవరు పట్టుకున్నారు? మందుపెట్టె ఎవరు మోశారు? ఆ తల్లుల్తో వాళ్ళ భాషలో ఎవరు మాట్లాడారు? చూడు, రిపోర్టులో ఏమని ఉంది?"

నాగదుర్గ వెతికింది. "సహాయకులు అని ఉందండి."

"సహాయకులు అనేది పేరు కాదమ్మా," అన్నారు మాస్టారు, ఎవరో ఆయన్ని స్వయంగా అవమానించినట్టు మొహం పెట్టి.

ఈ మాట ఆమె తర్వాత ఏడేళ్ళలో కొన్ని వేలసార్లు విని ఉంటుంది. మొదటి ఏడాది గొప్పగా అనిపించింది. రెండో ఏడాది నోట్సులో రాసుకుంది. నాలుగో ఏడాదికల్లా ఆ మాట వినబడగానే ఆవలింత వచ్చేది.

ఎందుకంటే ఈ జబ్బు ఆఫ్రికాకి పరిమితమైనది కాదు. మాస్టారుతో కలిసి టిఫిన్‌కి వెళ్ళడం కూడా ఒక ప్రాజెక్టే. ఒకసారి పెసరట్టు బాగుందని చెప్పి, సర్వరుని పిలిచి, "ఇది వేసినాయన పేరేంటండీ?" అని అడిగారు. సర్వరు మొహం మాడ్చుకుని లోపలికెళ్ళాడు. లోపల్నుంచి వంట మనిషి జీవరాజు చేతులు తుడుచుకుంటూ, వెనకాల ఓనరు కంగారుగా, ఇద్దరూ బయటికొచ్చారు.

"ఏం వచ్చిందండీ? వెంట్రుకా? పురుగా?" అన్నాడు ఓనరు.

"అయ్యో, ఏం లేదండీ. పేరు తెలుసుకుందామని."

"పేరెందుకండీ? మీరు ఫుడ్ ఇన్‌స్పెక్టరా?"

కాదని నమ్మించేసరికి ముప్పావుగంట పట్టింది. ఈలోగా నాగదుర్గ ఎక్కాల్సిన కోరుకొండ బస్సు వెళ్ళిపోయింది.

అసలు మనవైపు పేరు అడగడం అంత తేలికైన వ్యవహారం కాదు. పేరు దగ్గర ఎవరాగుతారు? తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత ఏ ఊరు, ఎవరి తాలూకు, చివరికి ఏవిట్లు, అంటే ఏ కులం, అన్నది తేలాకే మనిషికి మనిషి అర్థమైనట్టు లెక్క. మాస్టారు పేరు రాసుకుని అక్కడితో ఆగిపోయేవారు. దాంతో జనానికి అనుమానం ఇంకా ఎక్కువయ్యేది. రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు దింపుతున్నవాళ్ళ పేర్లు అడిగితే, ఈయన టాక్సు ఆఫీసు మనిషని షావుకారు షట్టరు దింపేశాడు. కడియం నర్సరీలో గులాబీకి అంటు కట్టినావిడ పేరు అడిగితే, ఆ లోవలక్ష్మి, "మా అమ్మాయికి ఇంకా పదో తరగతేనండి, ఇప్పుడప్పుడే సంబంధాలు చూడట్లేదు" అని చెప్పేసింది. ఆ నర్సరీ ఆఫీసులోనే నాగదుర్గ భర్త వీరబాబు పనిచేస్తాడు. ఆ పూటంతా మొక్కల మధ్య వినబడిన నవ్వులన్నీ తనమీదేనని అతని బాధ.

ఇలాంటి మాస్టారు దగ్గర నాగదుర్గ ఏడేళ్ళు చదివింది. పొద్దున్నే వంట, ఏడున్నర బస్సు, మధ్యాహ్నం దాకా ఒక కాలేజీలో గెస్టు లెక్చరరు పని, తర్వాత ఇంకో కాలేజీలో ఇంకో రెండు క్లాసులు, ఆ తర్వాత మాస్టారింట్లో స్కాన్ చేసిన పాత రిపోర్టులు, సాయంత్రం బస్సు, మళ్ళీ వంట. టాంజానియాలో మశూచి టీకాల మీద ఆమె థీసిస్. గడువు రెండుసార్లు పొడిగించారు. మూడోసారి కుదరదని యూనివర్సిటీ కాగితం పంపింది. జూన్ ముప్ఫై సాయంత్రంలోగా థీసిస్ చేతికివ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. రద్దయితే పీహెచ్‌డీ పోవడమే కాదు, వచ్చే ఏడాది నుంచి గెస్టు లెక్చరరు పని కూడా ఉండదు. ఏడేళ్ళ చాకిరీ గోదాట్లో కలిసినట్టే.

మార్చి మొదటివారానికి థీసిస్ పూర్తయింది. మూడొందల పది పేజీలు. మాస్టారు సంతకం పెడితే చాలు. ఆయన ఎర్ర పెన్ను పట్టుకుని ఒకటో పేజీ నుంచి చదువుకుంటూ వెళ్ళారు. రెండొందల పదమూడు పేజీల దాకా ఎక్కడా పెన్ను కిందికి దిగలేదు. నాగదుర్గ గుండె తేలికపడింది. రెండొందల పద్నాలుగో పేజీ దగ్గర ఆగిపోయారు.

ఆ పేజీలో ఒక ఫొటో ఉంది. విక్టోరియా సరస్సు పక్కన ఒక మిషన్ ఆసుపత్రి వాళ్ళ పాత పత్రికలో, ఎవరూ తిప్పని పేజీల మధ్య నాగదుర్గే దాన్ని కనిపెట్టింది. అరవై తొమ్మిదో సంవత్సరం. టోపీ పెట్టుకున్న తెల్ల డాక్టరు చేతిలో రెండు మొనల సూది. ఎదురుగా ఒక నల్లని ఆడమనిషి, ఆవిడ ఒడిలో నోరంతా తెరిచి ఏడుస్తున్న పసివాడు. కింద డాక్టరు పేరు పూర్తిగా ఉంది, చదువుల తోకతో సహా. ఆ తర్వాత "ఒక సహాయకురాలితో" అని ఉంది. ఆ వాక్యాన్నే నాగదుర్గ మక్కికి మక్కీ దింపేసింది.

"నాగదుర్గా," అన్నారు మాస్టారు నెమ్మదిగా.

"వద్దండి సార్," అంది నాగదుర్గ.

"నేనింకా ఏమీ అడగలేదు కదమ్మా."

"మీరేం అడుగుతారో నాకు తెలుసండి. దొరకదండి. ఆ పత్రికలో లేదు. ఆసుపత్రి రిపోర్టుల్లో లేదు. ఎక్కడా లేదండి."

"ఎక్కడా లేదంటే, మనం చూసినచోట లేదని. ఆవిడకి పేరు లేదని కాదు కదా. కొంచెం ఆగుదాం. రాద్దాం."

ఆ 'కొంచెం' మార్చిని తినేసింది. ఏప్రిల్‌ని తినేసింది. నాగదుర్గ వెళ్ళినప్పుడల్లా మాస్టారు కంప్యూటరు ముందు కూచుని రెండు వేళ్ళతో టకటక కొడుతుండేవారు. ఆమె రాగానే తెర మీద ఉన్నది మూసేసేవారు. ఇంకో పుస్తకం రాసుకుంటున్నారని ఆమెకి అనుమానం. తన బతుకు ఇక్కడ రెండొందల పద్నాలుగో పేజీలో ఇరుక్కుని ఉంటే, ఆయన తీరిగ్గా ఇంకో నలభై పేజీల కృతజ్ఞతలు కొట్టుకుంటున్నారని ఒళ్ళు మండేది.

మే నెల ఎండల్లో కొత్త ప్రశ్న ఒకటి మొదలైంది.

"ఫోనేమైనా వచ్చిందామ్మా?"

"ఎవరి దగ్గర్నుంచండీ?"

"ఎవరి దగ్గర్నుంచైనా."

"లేదండి."

"రాలేదా. సరే, సరే. వస్తుందిలే."

ముసలితనం వచ్చేసిందనుకుంది నాగదుర్గ. వంటింట్లోకెళ్ళి మాస్టారి భార్య సువార్తమ్మగారి దగ్గర మొర పెట్టుకుంది. ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఎలిమెంటరీ స్కూలు పిల్లల్నీ, నలభై ఏళ్ళు మాస్టారినీ భరించిన మనిషి. దేనికీ ఆశ్చర్యపోదు.

"మా పెళ్ళిలో ఏం చేశారో తెలుసా నీకు?" అంది సువార్తమ్మగారు పులిహోర కలుపుతూ. "పాస్టరుగారు ప్రమాణం చేయిస్తుంటే, మధ్యలో ఆపి, బయట గంట కొట్టినాయన పేరేంటండీ అని అడిగారు. చర్చిలో అందరూ నా వైపే జాలిగా చూశారు. ఆ గంట కొట్టినాయన పేరు చిట్టియ్య. ఇప్పటికీ క్రిస్మస్‌కి కేకు పట్టుకుని వాళ్ళింటికెళ్తారు."

"అమ్మగారండీ, నాకు సంతకం కావాలండి. కేకు వద్దు."

"తెలుసమ్మా. తిను ముందు. ఖాళీ కడుపుతో ఈయనతో పోట్లాడితే కళ్ళు తిరుగుతాయి."

జూన్ ఇరవైకి ఓపిక నశించింది. ఆ రోజు నాగదుర్గ చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా లోపలికొచ్చి, ఏడేళ్ళలో మొదటిసారి మాస్టారి మీద గొంతెత్తింది.

"సార్, ఆవిడ పేరు లేకపోతే ఏం పోతుందండీ? ఈపాటికి చనిపోయి ఉంటుంది కదండీ!"

మాస్టారు కళ్ళజోడు తీశారు. "పేరు తెలియకపోతే, చనిపోయిందో లేదో మాత్రం ఎలా తెలుస్తుందమ్మా?"

"నాకు పది రోజులే ఉందండి! నా పేరేంటండీ మరి? నేనూ మనిషినే కదండీ. నేను ఏమైపోయినా మీకు ఫర్వాలేదా?"

ఆయన ఏదో చెప్పబోయి, మానేసి, "ఫోనేమైనా వచ్చిందామ్మా?" అన్నారు.

నాగదుర్గ ఏడ్చేసింది. బస్సులో కోరుకొండ దాకా ఏడుస్తూనే ఉంది. ఇంటికెళ్ళగానే వీరబాబు, "ఈసారెవరి పేరు?" అని అడిగి, మొహం చూసి నోరు మూసుకుని, తనే అన్నం వార్చాడు.

జూన్ ఇరవై ఎనిమిది ఆదివారం. ఇక ఒక్క సోమవారం, ఒక్క మంగళవారం. మాస్టారు వాళ్ళు చర్చి నుంచి తిరిగొచ్చే వేళకి నాగదుర్గ వాళ్ళింటికి వెళ్ళి హాల్లో కూచుంది. ఈసారి ఏడవకూడదని, అరవకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చింది. అలసిపోయిన గొంతుతో, ముందే అనుకున్న మాటలు వరసగా చెప్పింది. "సార్, సంతకం పెడతారా పెట్టరా? పెట్టనంటే రేపు పొద్దున్నే డిపార్టుమెంటు హెడ్‌గారి దగ్గరికెళ్ళి, గైడు సంతకం పెట్టట్లేదని రాసిస్తానండి. మీ మీద కంప్లయింటు రాయాల్సొస్తుందని నేనెప్పుడూ అనుకోలేదండి."

సువార్తమ్మగారు వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

సరిగ్గా అప్పుడు నాగదుర్గ ఫోను మోగింది. ఆమె తెర వైపు ఒక్క చూపు చూసి కట్ చేసింది.

"ఎవరమ్మా?"

"ఎవరో దొంగ వెధవలండి. ఐదు వారాల్నుంచీ ప్రతి ఆదివారం ఇదే వేళకి. ఒక నంబరు బ్లాక్ చేస్తే ఇంకో నంబరు. పైగా మెసేజీలు, ప్రియమైన సోదరీ నాగదుర్గా, మీకోసం శుభవార్త ఉంది అని. ఖాతా ఖాళీ చేసేస్తారు, ఎత్తకు అన్నారండి మా ఆయన."

"నంబరు ఏంటి? ముందు ఏమని ఉంది?"

"ప్లస్ రెండు ఐదు ఐదు."

ఐజాక్ మాస్టారు కుర్చీలోంచి లేచిన తీరు చూసి సువార్తమ్మగారి చేతిలో గరిటె జారిపోయింది. "టాంజానియా!" అని అరిచారాయన. "అది టాంజానియా కోడమ్మా! ఏడేళ్ళు టాంజానియా చదివి, ఫోన్ కోడు తెలీదా నీకు?"

"థీసిస్‌లో ఫోన్లు లేవు కదండీ!" అంది నాగదుర్గ, బెదిరిపోయి.

మళ్ళీ మోగింది. వీడియో కాల్. ఆమె ఎత్తాలా వద్దా అని చూస్తుంటే మాస్టారే నొక్కారు. నొక్కి, టక్కున పక్కకి తప్పుకుని ఆమె కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడ్డారు.

తెర నిండా మొహాలు. ఒక చర్చి లోపల, బెంచీల మీదా బెంచీల వెనకా, కిటికీల్లోంచి కూడా జనం. మధ్యలో తెల్ల అంగీ వేసుకున్న పెద్దాయన. నాగదుర్గ కనబడగానే చర్చంతా ఒక్కసారి గొల్లున నవ్వి, చప్పట్లు కొట్టింది. ఆమెకి ఏమీ అర్థం కాక, అలవాటుకొద్దీ రెండు చేతులూ జోడించింది. అటువైపు రెండొందలమంది చేతులు జోడించారు.

"సోదరీ నాగదుర్గా!" అన్నాడు పెద్దాయన, నింపాదైన ఇంగ్లీషులో. "నా పేరు పాస్టర్ ఎలియా. మా బిషప్పుగారి ఆఫీసు నుంచి మీ ఉత్తరం మా దాకా వచ్చింది. ఐదు ఆదివారాలుగా ఆరాధన అయ్యాక దాన్ని చదువుతున్నాం. మా సంఘంలో మీరు తెలియనివాళ్ళు లేరు. మీరు ఏడున్నర బస్సు ఎక్కుతారు. రెండు కాలేజీల్లో పాఠాలు చెబుతారు. ఎవరూ చూడని ఫొటోని మీరు చూశారు. అందులో మా ఊరి ఆడమనిషిని 'సహాయకురాలు' అంటే ఊరుకోనని, ఆవిడ పేరు దొరికేదాకా పుస్తకం మూయనని భీష్మించుకుని కూచున్నారు."

నాగదుర్గ నోరు తెరిచింది. ఆమె ఉత్తరం రాయలేదు. భీష్మించుకుని కూచోలేదు. ఆ పేజీని చింపి పారేస్తానని మాత్రం అంది.

"ఇదిగో, ఈయన జస్టస్," అన్నాడు పాస్టరు. అరవయ్యేళ్ళ దగ్గరపడ్డ భారీ మనిషి ముందుకొచ్చి, ముందు చొక్కా చెయ్యి పైకి మడిచి, జబ్బ మీద టీకా మచ్చని ఫోనుకి ఆనించాడు. తెరంతా మచ్చే.

"ఆ ఫొటోలో ఏడుస్తున్నది నేనేనండి," అన్నాడు జస్టస్. "నన్ను పట్టుకున్నది మా అమ్మ అక్క. ఆవిడ పేరు కొకుషుబిల. పట్టుకోవడమేంటి, మా చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ టీకాలు వేసింది ఆవిడే. పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచేది. నాకు కూడా ఆవిడే వేసింది. డాక్టరుగారు నెలకోసారి వచ్చేవారు. ఆ రోజు ఫొటో తీస్తామంటే సూది ఆయన చేతికిచ్చి, నన్ను తను పట్టుకుందట. నేను సూదికి ఏడవలేదు. ఆయన గెడ్డం చూసి ఏడ్చానని మా పెద్దమ్మ పోయేదాకా చెప్పి నవ్వేది."

చర్చంతా మళ్ళీ నవ్వింది. నాగదుర్గ అప్పటికే పెన్ను కోసం తడుముకుంటోంది. వెనకనుంచి మాస్టారు తన పెన్ను ఆమె చేతిలో పెట్టారు. ఆమె పేరు ఒక్కొక్క అక్షరం అడిగి రాసుకుంది. ఏ ఏడు పుట్టింది, ఏ స్కూల్లో చదివింది, పెట్టె ఎన్ని మైళ్ళు మోసేది, ఎప్పుడు పోయింది. అడుగుతుంటే ఆకలి, అలసట అన్నీ మర్చిపోయింది. ఆవిడ తొమ్మిదేళ్ళ క్రితం దాకా బతికే ఉందని విన్నప్పుడు మాత్రం ఆమె పెన్ను ఆగింది. అప్పటికి తను ఈ చదువు మొదలే పెట్టలేదు, అయినా ఆ సంవత్సరం కింద రెండు గీతలు గీసింది.

"ఇంక మా వంతు," అన్నాడు పాస్టరు. ఉత్తరం విప్పి కళ్ళజోడు సర్దుకున్నాడు. "కింద కొన్ని పేర్లున్నాయి. మావాళ్ళు వాళ్ళని కూడా చూడాలంటున్నారు. 'కవరు అంటించినది, సువార్తమ్మ.' ఆవిడ ఉన్నారా?"

సువార్తమ్మగారు చెంగుతో మొహం తుడుచుకుని తెరలోకొచ్చి దణ్ణం పెట్టింది. చప్పట్లు.

"'పోస్టాఫీసుకి ఆటోలో చేర్చినది, బుల్లియ్య.'"

"ఆయన స్టాండులో ఉంటారండి," అంది నాగదుర్గ నీరసంగా.

"మా ప్రార్థనల్లో ఉన్నాడని చెప్పండి. ఇక చివరిది. 'టైపు చేసినది, ఐజాక్.'" పాస్టరు తలెత్తి, నాగదుర్గ భుజం మీదుగా చూశాడు. "మీ వెనక నిలబడ్డాయనేనా మీ టైపిస్టు?"

నాగదుర్గ గిర్రున వెనక్కి తిరిగింది. ముప్ఫై ఐదేళ్ళ సర్వీసున్న ప్రొఫెసర్ ఐజాక్ మాస్టారు, చేతులు కట్టుకుని, దొరికిపోయిన దొంగలా నిలబడి ఉన్నారు.

"కాదండి, ఆయన మా..." అంటూ ఆమె మొదలుపెట్టగానే, మాస్టారు కళ్ళు పెద్దవి చేసి, వద్దు వద్దు అని తల అడ్డంగా ఊపేశారు. తెరలో కనబడుతుందని కూడా చూసుకోలేదు. నాగదుర్గ ఒక్క క్షణం ఆయన వైపు చూసింది. తర్వాత తెర వైపు తిరిగి, "అవునండి. మా టైపిస్టు గారేనండి," అంది.

"మంచి మనిషిలా ఉన్నారు," అన్నాడు పాస్టర్ ఎలియా. "కానీ సోదరీ, తప్పులు చాలా ఉన్నాయి. కొంచెం చెప్పి చూడండి."

ఫోను పెట్టేశాక నాగదుర్గ కుర్చీ తిప్పి మాస్టారి వైపు కూచుంది. సువార్తమ్మగారే ముందు నవ్వింది. "నలభై మూడు ఉత్తరాలమ్మా," అంది. "ఆ సరస్సు చుట్టూ ఉన్న చర్చిలన్నిటికీ, ఆసుపత్రులకీ, స్కూళ్ళకీ. నా నాలిక జిగురైపోయింది."

"నా పేరు మీద రాశారాండీ?" అంది నాగదుర్గ.

"నీ పేరు మీద కాదమ్మా, నీ తరఫున. సంతకం నాదే, టైపిస్టుగా. ఫోను నంబరు మాత్రం నీది. నువ్వు చెయ్యని పని ఏదీ అందులో రాయలేదు."

"నేను భీష్మించుకుని కూచున్నానని రాశారు!"

"అది కొంచెం ముందుగా రాశాను," అని ఒప్పుకున్నారు మాస్టారు. "కూచుంటావని నమ్మకం."

"నాతో ఒక్క ముక్క చెబితే ఏమైందండీ? ఐదు వారాలు ఫోను కట్ చేశాను. ఇవాళ మీ మీద కంప్లయింటు రాస్తానన్నాను."

"చెబితే ఒప్పుకునేదానివా? 'మీ పేరు మీద రాయండి సార్, మీరు పెద్దవాళ్ళు, జవాబు తొందరగా వస్తుంది' అనేదానివి. జవాబు నాకొచ్చేది. రేపు ఎవరైనా ఈ సంగతి రాస్తే, కనిపెట్టింది రాజమండ్రి ఐజాక్ అని రాస్తారు, కింద 'ఒక విద్యార్థిని సహాయంతో' అంటారు." ఆయన వచ్చి ఎదురు కుర్చీలో కూచున్నారు. "నీ థీసిస్ బాగుందమ్మా. కానీ మూడొందల తొమ్మిది పేజీలు చదివినవాళ్ళు ఐజాక్ శిష్యురాలు అంటారు. ఆ ఒక్క పేజీ చదివినవాళ్ళు నీ పేరేంటని అడుగుతారు. ఫొటో నీ కళ్ళకి కనబడింది, నాకు కాదు. కనబడ్డది నీకైతే, ఫోను నీకే రావాలి కదా. నిన్ను చాలా కష్టపెట్టాను. గడువులోపు రాకపోతే సంతకం పెట్టే ఇచ్చేవాణ్ణి. మంగళవారం పొద్దున్న పెట్టేవాణ్ణి."

ఇన్నాళ్ళ కోపం ఎక్కడికి పోయిందో నాగదుర్గకి తెలియలేదు. పోయినందుకు కాస్త ఉక్రోషం కూడా వచ్చింది. సువార్తమ్మగారు ఆమె భుజం తట్టి, కింద పడిన గరిటె కడిగి తెచ్చి అందరికీ వడ్డించింది.

ఆ సాయంత్రమే ఆమె మాస్టారి కంప్యూటరు ముందు కూచుని రెండొందల పద్నాలుగో పేజీ మళ్ళీ రాసింది. జస్టస్ చెప్పింది జస్టస్ చెప్పినట్టుగా, ఎప్పుడు ఎలా చెప్పాడో కింద గమనికతో సహా పెట్టింది. ఫొటో కింద ఇలా కొట్టింది: "టీకాలు వేసిన కొకుషుబిల, ఆమె ఒడిలో ఆమె చెల్లెలి కొడుకు జస్టస్. ఎదురుగా ఒక డాక్టరు."

మాస్టారు ఎర్ర పెన్ను తీశారు. "నాగదుర్గా, డాక్టరు పేరేదమ్మా?"

"ఆయన పేరు యాభై ఏళ్ళు ఉంది కదండీ. ఈ ఒక్కసారికి లేకపోతే ఏం?" అంది నాగదుర్గ కసిగా.

"ఆయన కూడా ఆ ఎండలో నిలబడ్డాడు కదమ్మా," అన్నారు మాస్టారు.

నాగదుర్గ నిట్టూర్చి డాక్టరు పేరు చేర్చింది. చదువుల తోక మాత్రం తీసేసింది. మాస్టారు అది చూసీ చూడనట్టు వదిలేశారు. ఐదు కాపీల్లోనూ పెట్టాల్సిన సర్టిఫికెట్ కాగితాలు దగ్గరికి లాక్కుని, ఒక్కొక్కదాని మీదా తీరిగ్గా సంతకాలు పెట్టారు.

సోమవారం ప్రింటు, బైండింగు. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి నాగదుర్గ ఐదు కాపీలూ యూనివర్సిటీ సెక్షన్‌లో ఇచ్చి, రసీదు తీసుకుని, బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. ఏడేళ్ళ బరువు ఒక్కసారి దిగిపోతే మనిషికి హాయిగా కాదు, నిద్రొచ్చినట్టు ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది. అక్కడే గోడకి చేరబడి ఒక కునుకు తీద్దామా అనుకుంటుండగా ఫోను మోగింది. పాస్టర్ ఎలియా దగ్గర్నుంచి మెసేజీ.

"సోదరీ, మీ టైపిస్టు ఐజాక్ ఈమెయిల్లో పంపిన కృతజ్ఞతల ఉత్తరం అందింది. పన్నెండు పేజీలుంది. ఇందులో కూడా పదహారు తప్పులున్నాయి. ఈ పనికి మీకు ఇంకెవరూ దొరకలేదా?"

నాగదుర్గ మెట్ల మీద కూచునే జవాబు కొట్టింది.

"లేదండి. ఇంతకంటే మంచి టైపిస్టు మా గోదావరి జిల్లాల్లో ఎక్కడా లేరండి."